తూము కింద పచ్చ చుక్క

1942. బాన్సువాడ బజారు, మిట్టమధ్యాహ్నం. బంగారం పనిచేసే అవుసలి దుకాణం ముందు టాంగా దిగిన కిషన్‌లాల్, "మేలిమి దొరుకుతదా?" అన్నాడు. అది కోడ్. దుకాణంలోని పండరి, "గీటు పెట్టి చూడాలె," అనేలోపే సైలెన్సర్ పిస్టల్ దగ్గింది. ఎవరు కాల్చారో ఎవరూ చూడలేదు, అంత రద్దీ మరి.

"నిజాంసాగర్... తూము కింద బాంబు... జమునాబాయి ఆడనే ఉంది," అంటూ కిషన్‌లాల్ పండరి చేతుల్లోనే పోయాడు పాపం.

పండరి అవుసలి కాదండీ, సీక్రెట్ ఏజెంట్. కుంపటి ఊదీ ఊదీ ఆ పని నిజంగానే చేతికొచ్చేసింది. జమునాబాయి అంటారా, సినిమా తారలాంటి డబుల్ ఏజెంట్. జర్మన్ ముఠాకూ మనకూ కూడా పనిచేసేది. "ఆమె మాట నమ్మకు," అని చీఫ్ బ్రీఫింగ్.

పండరి లారీ పట్టుకుని ఆనకట్ట చేరాడు. కట్ట తెగితే మంజీర ఒడ్డున అతని తల్లి లక్ష్మవ్వ ఇల్లే ముందు పోతుంది.

తూము గదిలో బాంబు ముందు జమునాబాయి, చేతిలో స్పానర్. బాంబుకు గాజు గొట్టం. అందులో ఎలక్ట్రాన్ల ధార అద్దానికి తగిలిన చోట పచ్చ చుక్క. గొట్టంలోని కుడి రేకుకు వోల్టేజి పెరిగేకొద్దీ ధార అటు వంగుతోంది.

"చుక్క కుడి అంచును ముట్టిందా, ఖతం! తీగ తెంపినా గంతే. నేను డిటొనేటర్ ఊడదీసేదాంక దాన్ని ఆపు!"

పండరి బొడ్లోంచి సూదంటురాయి తీశాడు. బంగారు పొడిలో ఇనుప రజను ఏరే రాయి. అదే అలవాటున, ఎడమకు లాగుదామని ఎడమ పక్కనే పెట్టాడు. చుక్క పైకెగిరింది!

"గది ఇనుప రజననుకున్నవా, అవుసలాయనా? ఎలక్ట్రాన్లు రాయి దిక్కు రావు, దానికి అడ్డంగ పోతయ్. గొట్టం మీద పెట్టు!"

"అబద్ధమైతే?"

"పేలితే నేను బతుకుతనా?"

పెట్టాడు. చుక్క కుడికే దూకింది! ఇక వెంట్రుకవాసి.

"మోసం చేస్తివి కదే!"

"రాయి తిరగెయ్యి, నీ కాళ్లు మొక్కుత!"

కళ్లు మూసుకుని తిరగేశాడు. తల్లి ముఖం కనిపించింది. కళ్లు తెరిస్తే చుక్క వెనక్కి జరుగుతోంది. జమునాబాయి మర తిప్పుతూనే ఉంది. పండరి చేతిలోంచి రాయి జారింది. చుక్క అంచును ముట్టింది.

టక్.

అంతే. డిటొనేటర్ అప్పటికే ఆమె చేతిలోకి ఊడొచ్చింది.

పైనుంచి తూము కావలి సాయన్న తొంగిచూశాడు. "ఏందిది? ముచ్చట్లకు గీ జాగనే దొరికిందా? లెవ్వుండ్రి!"

ఇద్దరూ తలొంచుకుని మెట్లెక్కారు. పండరి ఆమెనే ముందు నడవమన్నాడు. నమ్మకం కుదిరింది కానీ, వెనక నడిపించుకునేంత కాదు మరి.