మొత్తంలో మిగిలిన ఒకరు

సెలవు రోజు మధ్యాహ్నం. బయట ముసురు. ఆఫీసు నాలుగో అంతస్తులో ఒక్క దీపమే వెలుగుతోంది. దాని కింద మాస్టారు కూర్చున్నాడు. ఆయన బడిపంతులేమీ కాదు; రిపోర్టులు తయారుచేసే ఉద్యోగి. అడిగినవాడికీ అడగనివాడికీ ఫార్ములాలు విడమరిచి చెబుతాడని అందరూ అలా పిలిచేవాళ్లు. భార్య పోయాక ఆ చెప్పడం మానేశాడు. పిలుపు మాత్రం మిగిలింది.

ఆమెదీ ఇదే ఆఫీసు. పోయిన వానాకాలం, ఆయన పనిమీద ఊరెళ్లిన రోజు, మెట్ల దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. అందరూ వెళ్లిపోయారనుకుని తలుపులు వేసేశారు. తెల్లారాక స్ట్రెచర్ మీద వెనక తలుపు గుండా తీసుకెళ్లారు. లోపల ఇంకా ఎంతమంది ఉన్నారో చెప్పే లెక్క ఒకటి ఉండుంటే ఆమె బతికేది. అందుకే ఈ రిపోర్టు తానే చేస్తానని పట్టుబట్టాడు.

లెక్క తేలికే. గేటు దగ్గర కార్డు చూపించి లోపలికొచ్చినవాళ్లలోంచి బయటికెళ్లినవాళ్లను తీసేస్తే, మిగిలినవాళ్లు లోపలున్నట్టు. విభాగాన్నో, మనిషి పేరునో ఎంచుకుని ఫిల్టర్ పెడితే లెక్క ఆ మేరకే రావాలి.

జాబితాలోని పేర్లన్నీ ఎంచుకున్నాడు. ఒకటి. అది తనే.

ఫిల్టర్ తీసేశాడు. రెండు.

గేటు బయట కాపలా ఉన్న వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు.

"లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు సార్? ఈ వానలో మీరు తప్ప పిట్ట కూడా రాలేదు."

ఫార్ములా తప్పేమోనని తిరగేసి బోర్లేసి చూశాడు. తప్పు లేదు. అప్పుడు కనబడింది, పట్టిక అడుగున పేరు లేని వరుస. 'ఖాళీ'. ఉద్యోగుల జాబితాలో పేరు దొరకని కార్డులన్నీ అందులోకే పోతాయి. పేర్లను ఎంచుకుంటే ఆ వరుస రాలిపోతుంది. ఫిల్టర్ తీస్తే మొత్తంలో వచ్చి కలుస్తుంది. దాన్ని తెరిచాడు. లోపల ఒకే ఒక్క కార్డు. ఆ నంబరు ఆయనకు కంఠతా వచ్చు.

పోగానే ఆమె పేరు జాబితాలోంచి తీసేశారు. కానీ ఆ రోజు లోపలికొచ్చిన కార్డు బయటికెళ్లనే లేదు. ఎవరి పేరు మీద వెతికినా దొరకదు. మొత్తంలో మాత్రం ఉంది.

"ఇక్కడే ఉన్నావా..." తెర మీది ఆ నంబరును వేలితో తాకాడు. "ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నావా?"

కుర్చీ వెనక ఎవరో ఊపిరి పీల్చినట్టయింది. తడిసిన బట్టల వాసన. మెడ మీద చల్లగా ఏదో...

ఆయన భయపడలేదు. కళ్లు మూసుకున్నాడు. పాప అమ్మ దిండు పెట్టుకునే పడుకుంటోందనీ, జడ వెయ్యడం తనకింకా చేతకావడం లేదనీ, కూర మాడినా అది నోరెత్తకుండా తినేస్తోందనీ చెప్పుకొచ్చాడు. ఒక్కో మాటకూ ఆ ఊపిరి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

'ఖాళీ'ని దాచే ఫిల్టర్ ఒకటి పెడితే రిపోర్టు సరిపోతుంది. చెయ్యి రాలేదు. అలా దాచడమంటే మళ్లీ ఆమెను లోపలే ఉంచి తలుపు వేసెయ్యడమే. పంపించాలి. మనిషిని పంపినట్టే, గేటు గుండా.

ఆమె కార్డును ఆయన పర్సులోనే దాచుకున్నాడు. కిందికి దిగి గేటుకు చూపించాడు. రద్దయిన కార్డు; ఎర్ర దీపం వెలగాలి. పచ్చది వెలిగింది. అడ్డుకమ్మీ తెరుచుకుంది. ఎవరూ దాటలేదు. అయినా పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

"వెళ్లు," అన్నాడు. "ఇంక ఇక్కడ నీకేం పని? వెళ్లు."

కమ్మీ మూసుకుంది. కళ్లయినా తుడుచుకోకుండా పైకొచ్చి రిపోర్టు రిఫ్రెష్ చేశాడు. 'ఖాళీ' ఎదురుగా సున్నా. వెళ్లిపోయింది. తన చేతులతో తనే పంపేశాడు. బల్ల మీద తల వాల్చి పసివాడిలా ఏడ్చాడు.

కుర్చీ వెనక ఊపిరి...

ఆగలేదు.

మెల్లగా తలెత్తాడు. మొత్తం చూశాడు. రెండు.

విభాగాలు ఒక్కొక్కటే ఎంచుకున్నాడు. సున్నా. సున్నా. తన విభాగం... రెండు. పేర్లలోకి దిగాడు. ఎవరి ఎదురుగానూ ఏమీ లేదు. చివరికి తన పేరు.

తన ఒక్కడి పేరు ఎదురుగా, రెండు.

ఇంతసేపూ... ఎవరితో మాట్లాడాడు?

"ఎవరు నువ్వు?" అని అడిగాడు.

చెవి పక్కనే జవాబొచ్చింది. అచ్చం ఆయన గొంతే.

"ఇంట్లో పాప ఒక్కతే ఉందా?"