చుక్కకు పెట్టిన పథ్యం

పొద్దున్నే వాకిలి ఊడ్చి, హన్నమ్మ రెండు పళ్ళేలు సర్దింది. రెండింటిలోనూ పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారమే. ఒకటి పచ్చి బాలింత అయిన కోడలు రత్నకుమారికి. రెండోది, ఆరు పిల్లల్ని పెట్టిన కుక్క చుక్కకు. కుక్కకు పథ్యమేమిటని బొల్లాపల్లి అంతా పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ! చుక్క ఆమె కూతురు మార్తమ్మ పెంచుకున్న కుక్క. తొలికాన్పయిన కొన్నాళ్ళకే మార్తమ్మ పోయాక హన్నమ్మ దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటోంది.

"అత్తా, వేళ్ళు కొంకర్లు పోతన్నయ్. కాసిన్ని మజ్జిగన్నా పొయ్యి," అంది రత్నకుమారి.

"బాలింతవి, నంజు చేసి నీకూ బిడ్డకీ ఒళ్ళు వాస్తదే. ఇంకొన్నాళ్ళు నోరు కట్టుకో."

రెండో పళ్ళెం తీసుకుని పాకలోకి వెళ్ళిన హన్నమ్మ దాన్ని అక్కడే కింద పడేసింది. చుక్క నాలుగు కాళ్ళూ బిగదీసుకుని వణికిపోతోంది. నోట్లో నురగ. పిల్లలు మాత్రం పాలు వదలడం లేదు. పక్కనే పాలవాసన కొడుతున్న మూకుడు.

"ఏమే! దీనికి పాలు పోసింది నువ్వేనా?"

"నిన్న నువ్వు చేలోకి పోయినప్పుడు పోశా. పిల్లలు దాన్ని పీక్కు తింటంటే చూళ్ళేకపోయా."

"నువ్వూ తాగావా?"

"లేదత్తా. తాగితే బిడ్డకి నంజు చేస్తదని అంటివిగా. భయమైంది."

"నా కూతురి గుర్తే అది! పాలు పోసి చంపావు గదే!" హన్నమ్మ నెత్తి బాదుకుంది.

ఆ అరుపులకు కొడుకు ఇశ్రాయేలు పరుగున వెళ్ళి, పశువులకు టీకాలు వేయడానికి ఊళ్ళోకి వచ్చిన డాక్టరు అబ్దుల్ రహీమ్‌ను తీసుకొచ్చాడు. చుక్క ఒళ్ళు పొయ్యిలా కాలుతోంది.

"దీనికి ఏం పెడుతున్నారు?"

"పథ్యమేనయ్యా. పాలు, మజ్జిగ ముట్టనియ్యలా. నిన్న ఈ పిల్ల పోసింది, అందుకే ఇట్టా అయింది."

"అందుకు కాదమ్మా. దెబ్బ తగిలినా, ఎండలో నీళ్ళు లేకపోయినా కుక్కలకు కండరాలు పట్టేస్తాయి. ఇది వేరు. పాలు పడాలంటే తల్లి ఒంట్లో సున్నపు సారం, అదే కాల్షియం, కావాలి. పాలు, మజ్జిగలో ఉండేది అదే. తిండిలో అది లేకపోతే నెత్తుట్లోంచే పోతుంది. అప్పుడు వేళ్ళూ కాళ్ళూ కొంకర్లు పోయి, ఫిట్లొస్తాయి."

"మందు లేదా?"

"సూదిమందు ఉందమ్మా. ఈ ప్రపంచ యుద్ధం వచ్చాక ఓడలు రాక నరసరావుపేటలో కూడా దొరకడం లేదు."

మధ్యాహ్నం కాకముందే చుక్క పోయింది. పిల్లలు ఇంకా చీకుతూనే ఉన్నాయి.

"అయ్యా," హన్నమ్మ కోడలి వేళ్ళవైపు చూసింది. "ఆడమనుషులకీ ఇట్టా అవుద్దా?"

"నేను పశువుల డాక్టర్నమ్మా. కానీ పాలిచ్చే తల్లి ఏదైనా తల్లే. మీ కోడల్ని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

హన్నమ్మ చుక్క బిగుసుకున్న కాళ్ళను పట్టుకుని కూర్చుంది. మార్తమ్మ చేతులు ఇలాగే వంకరపోయాయి. దయ్యమన్నారు. నలుగురు పట్టుకుంటే పాస్టరుగారు ప్రార్థన చేశారు. పళ్ళు బిగుసుకుపోక ముందు ఆ పిల్ల అడిగింది ఒక్కటే, "అమ్మా, కాసిన్ని పాలు." నంజు చేస్తదని ఇవ్వలేదు. కడుపున పుట్టిన బిడ్డను తన చేతులతోనే చంపుకుంది.

ఇశ్రాయేలు బండి కడుతుంటే, ఆమె లేచి పిడకల దాలిలో కాగుతున్న పాలకుండ తీసింది. రత్నకుమారి వేళ్ళు గ్లాసును పట్టుకోలేకపోయాయి. హన్నమ్మే నోటికి అందించింది.

"తాగు తల్లీ."

"నంజు చెయ్యదా అత్తా?"

"చెయ్యదే. ఆ మాటన్న నా నోరు పడిపోను! మార్తమ్మకీ నేనే చెప్పా."

రత్నకుమారి ఏడుస్తూనే తాగి, బిగుసుకున్న చేత్తో అత్త కళ్ళు తుడవబోయింది. హన్నమ్మ ఆ చేతిని పట్టుకుని ఒక్కో వేలూ విప్పాలని చూసింది. అవి విచ్చుకోలేదు. మార్తమ్మను శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా ఆమె ఇలాగే విప్పాలని చూసింది.