పదమూడు దిగకూడదు

కారొచ్చి బ్యాటరీ షాపు ముందు ఆగింది. ఆగిందే గానీ దాని హెడ్‌లైట్లు ఊరుకోలేదు. లోపల పాటలో డ్రమ్ము మోగినప్పుడల్లా వెలుగు తగ్గుతోంది, మళ్లీ పెరుగుతోంది.

"ఎవర్ని చూసి కన్ను కొడుతోందండీ మీ కారు?" అంది బ్యాటరీ షాపు ఓనరు కూతురు. చేతిలో ఎప్పుడూ వోల్టుమీటరు ఉంటుంది కాబట్టి వీధిలో అందరూ ఆమెను మీటరమ్మ అంటారు.

"మిమ్మల్నే అనుకుంటా," అన్నాడతను.

ఆమె నవ్వలేదు. బానెట్ ఎత్తమంది.

అతను పార్కులో జనం చేత కసరత్తులు చేయించే ట్రైనరు. డిక్కీ తెరిచి, పాట పెట్టి, అందరినీ గెంతిస్తాడు. నిన్న మంచి ఊపు మీద ఉండగా బ్యాటరీ దిగిపోయి కారు మొరాయించింది. స్నేహితుడి సలహా మీద కొన్న, కరెంటు నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్‌ను అతను గర్వంగా చూపించాడు.

"ఇది పెడితే సరిపోతుందన్నారండీ."

"బావిలో నీళ్లు లేనప్పుడు పెద్ద బిందె కొంటే లాభమేంటి?" అంది. "రెండు వేల వాట్ల ఆంప్లిఫయరు మీది. కరెంటు పుట్టించే ఆల్టర్నేటరేమో చిన్నది. వైర్లు చూస్తే షూ లేసుల్లా ఉన్నాయి. ఎర్తు వైరు ఏకంగా కరెంటు పారని పెయింటు మీదే బిగించేశారు. ఏ మహానుభావుడి పని ఇది?"

"నాదేనండీ," అన్నాడు మహానుభావుడు.

అప్పుడు నవ్వింది. ఆ నవ్వుతో అతగాడి పని అయిపోయింది.

లోపలి నుంచి ఆమె తండ్రి వచ్చాడు. "ఆంప్ పనులు వద్దన్నానా తల్లీ? ఆమధ్య ఎవడో బిగించిన వైరు మన షాపు ముందు కాలితే మాట పడింది మనం. బ్యాటరీలు అమ్ముకుందాం, చాలు."

"ఎవరో చెడగొడితే నేనెందుకు మానుకోవాలి నాన్నా? ఈ ఒక్క కారు చెయ్యనీ. లైట్లు, ఏసీ అన్నీ వేసి, ఫుల్లు సౌండు పెట్టి నువ్వే చూడు. వోల్టేజి పదమూడు దిగిందంటే ఇక జన్మలో ఆంప్ ముట్టుకోను."

అనడమైతే అనేసింది గానీ చేతిలోని మీటరును గుండెకు హత్తుకుంది. ఆమెకు ఈ పనంటే ప్రాణమని ట్రైనరుకు అర్థమైంది.

ఆ వారమంతా ఆమె కారును వదల్లేదు. పెద్ద ఆల్టర్నేటరు వేసింది. బొటనవేలంత లావు రాగి వైర్లు లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టింది. పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, ఎర్తు బిగించింది. పార్కు క్లాసు అవగానే అతను వచ్చి టార్చి పట్టుకునేవాడు.

"లైటు వైరు మీద పెట్టండి. నా మొహం మీద కాదు."

"సారీ అండీ, చెయ్యి జారింది."

"మళ్లీనా?"

"చెయ్యి కదండీ, అలసిపోతుంది."

"ఊరందరి చేతా బరువులెత్తించే చెయ్యి, టార్చికే అలసిపోయిందా!"

పరీక్ష రోజున వాన పట్టుకుంది. "మంచిదే, వైపర్లు కూడా వేద్దాం," అంటూ తండ్రి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. లైట్లు, ఏసీ, పాట. మీటరు పద్నాలుగు దగ్గర నిలబడింది, కదల్లేదు.

"భేష్! పాస్," అన్నాడు.

మీటరమ్మకు సంతోషం కలగలేదు. రెండు వేల వాట్లకు కాళ్ల కింద నేల అదరాలి. అదరడం లేదు. డిక్కీ దగ్గరికి వెళ్లి చూసింది. ఆంప్లిఫయరు మీద సౌండు పెంచే గెయిన్ నాబ్ ఎక్కడిదాకా ఉండాలో తనే తెల్లగా గీత పెట్టింది. గీత ఒకచోట ఉంది, నాబ్ బాగా కిందికి తిరిగి ఉంది.

తలెత్తింది. ట్రైనరు అతి శ్రద్ధగా వానను చూస్తున్నాడు.

"నువ్వే తిప్పావు కదూ?" 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"మీరు ఓడిపోతారేమోనని భయమేసి..."

"నా పని మీద నీకే నమ్మకం లేకపోతే మా నాన్నకు ఎలా కలుగుతుంది?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోను కూడా లేదు. "నాన్నా, ఇది లెక్కలోకి రాదు. సౌండు తగ్గించి ఉంది. మళ్లీ చూద్దాం."

"పాస్ అన్నానుగా!"

"నేను అనలేదు."

నాబ్‌ను గీత దాకా తిప్పింది. నేల అదిరింది, షాపు రేకులు దడదడలాడాయి. మీటరు పద్నాలుగు నుంచి జారింది. పదమూడు పాయింట్ ఏడు. పాయింట్ ఐదు. పాయింట్ మూడు. ట్రైనరు కళ్లు మూసుకున్నాడు. ఆమె మాత్రం రెప్ప వేయకుండా చూసింది. అంకె అక్కడే ఆగింది, పాట అయ్యేదాకా అంతకన్నా దిగలేదు.

తండ్రి ఇంజిన్ ఆపి దిగాడు. "నేను పాస్ అన్నా ఒప్పుకోని మనిషివి, నిన్నింకేం ఆపుతాను? ఆంప్ పనులన్నీ ఇక నీవే తల్లీ." ట్రైనరును ఎగాదిగా చూశాడు. "ఇతన్ని మాత్రం నాబుల దగ్గరికి రానివ్వకు," అని లోపలికి వెళ్లిపోయాడు.

"తప్పయిపోయింది," అన్నాడు ట్రైనరు. "ఈ పని మీకు దూరమైతే చూడలేననిపించింది. మీరంటే నాకు చాలా ఇష్టం. చెయ్యి జారిందన్నదంతా అబద్ధం."

"నన్ను ఎవరూ గెలిపించక్కర్లేదు. నేను పడితే నేనే లేస్తాను. పక్కన నిలబడితే చాలు."

"నిలబడతాను. కానీ కారు బాగైపోయిందిగా! రేపు ఏం వంక పెట్టుకుని రావాలి?"

ఆమె చేతులు తుడుచుకుని, కారు తాళాలు అతని చేతిలో పెట్టింది.

"కారు లేకుండా రా," అంది.