మూడోసారి కనిపిస్తే ఒక రౌండు

మధ్యాహ్నం, బయట హోరున వాన. పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌లో చేతులు కడుక్కుంటుండగా ఫోనుకి మెసేజ్ వచ్చింది. స్పోర్ట్స్ కార్ల వాళ్ళ గ్రూపు, మొగుడు చేర్పించింది. ఊళ్ళో ఒకరి కారు ఇంకొకరికి ఎక్కడ కంటపడినా ఫోటో తీసి అందులో పెట్టాలి. ఒకే కారుని మూడుసార్లు పట్టుకున్నవాళ్ళని ఓనరు పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పాలి. బట్టతలలొచ్చిన మగాళ్ళు చిన్నపిల్లల్లా పోట్లాడుకునే ఆట అది. ఆమె మొగుడికైతే అదే లోకం. ఆర్నెల్ల క్రితం ఇలాంటి వానలోనే ఆ లోకాన్ని తీసుకెళ్ళి గోడకి గుద్దాడు. మనిషీ పోయాడు, కారూ పోయింది. కారుని తుక్కు కింద నలిపి ముద్ద చేస్తుంటే ఆమె దగ్గరుండి మరీ చూసింది. కచ్చకొద్దీ చూసింది.

ఇప్పుడు ఫోటోలో ఉన్నది ఆ పసుపు కారే.

పెట్టినవాడు బేకరీ ఆయన. రోగులకి పళ్ళు నూరుకోవద్దని చెప్పే డాక్టరమ్మ పళ్ళు పటపటా కొరుకుతూ అతనికి ఫోన్ చేసింది.

"బుద్ధుందా మీకు? పోయినవాడి మీద పరాచికాలా?"

"ఒట్టమ్మా! కళ్ళారా చూశాను. డోరు మీద మీ పాప సైకిల్ రాసుకున్న గీత కూడా అలాగే ఉంది. స్కూలు వీధిలో మెల్లగా పోతోంది. లోపల... లోపల ఎవరూ కనపళ్ళేదమ్మా."

స్కూలు వీధి అనగానే ఆమెకి పొద్దున బూట్ల లేసులు కడుతుంటే పాప అన్న మాట తట్టింది. "అమ్మా, క్లాసు కిటికీలోంచి నాన్న కారుని రెండుసార్లు పట్టుకున్నా. ఇంకోసారి కనిపిస్తే నాకు రౌండు!" "రౌండు లేదు గీండు లేదు, పద" అని అప్పుడు కసిరింది. ఉన్నది ఒక్కగానొక్క పిల్ల. ఆ మహానుభావుడి పక్క సీట్లో దాన్ని కూర్చోనిచ్చే ప్రసక్తే లేదు, బతికున్నా చచ్చినా.

తాళాలు లాక్కుని మెట్ల మీదుగా కింద పార్కింగ్‌లోకి పరుగెత్తింది. ఇల్లూ క్లినిక్కూ ఒకే బిల్డింగ్‌లో. కరెంటు లేదు. చీకట్లో తడిసిన సిమెంటు వాసన. దానితోపాటు పెట్రోలు, కాలిన రబ్బరు వాసన. ఆమె చిన్న కారు పక్కన మొగుడి చోటు ఆర్నెల్లుగా ఖాళీగానే ఉంది. అక్కణ్ణించి చప్పుడు.

టిక్... టిక్... టిక్...

వేడెక్కిన ఇంజను చల్లారే చప్పుడు. ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం విన్నదే.

ఫోను లైటు వేసింది. అక్కడ ఏమీ లేదు. కానీ మోకాలెత్తున, ఉత్త గాలిలోంచి, వరసగా నీటి చుక్కలు పుట్టి నేల మీద పడుతున్నాయి. ఇప్పుడే వానలోంచి వచ్చిన బండి కారినట్టు.

భయంతో చావాల్సిన చోట ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"బతికున్నన్నాళ్ళూ మెల్లగా వెళ్ళమంటే విన్నావా? నన్నిలా నట్టేట్లో ముంచింది చాల్లేదా? పిల్ల జోలికి వచ్చావో... ఊరుకోను!"

అంటూ ఆ ఖాళీ మీద అరచేత్తో ఛెళ్ళున కొట్టింది.

చెయ్యి రేకుకి తగిలింది. తడిగా ఉంది. వెచ్చగా ఉంది.

టిక్... ఆగిపోయింది. అద్దం కిందికి దిగిన చప్పుడు. చెవి పక్కనే గుసగుస.

"రూలు... రూలేగా..."

ఇంజను ఒక్కసారి గర్జించింది. ఆమె గోడకి కరుచుకుపోయింది. వేడిగాలి ఒకటి చెంపని రాసుకుంటూ పోయింది. నేల మీద రెండు తడి చారలు పరుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాయి.

ఆమె కారు ఎలా తీసిందో, ఏ సిగ్నలు దాటిందో ఆమెకే తెలీదు. దారి పొడుగునా మొగుణ్ణి తిడుతూనే ఉంది. స్కూలు ముందు జనం. వాన పడుతోందని పిల్లల్ని ముందే వదిలేశారు. గేటు దగ్గర వాచ్‌మన్ గొడుగు కింద పాప, భుజాన బ్యాగు, నోట్లో చాక్లెట్టు.

"నాన్న కారు వచ్చిందా?" గొడుగు కిందికి దూరుతూ అడిగింది.

"లేదమ్మా. మూడోసారి ఇంకా కనిపించనేలేదు." పాప మూతి ముడుచుకుంది.

డాక్టరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఓడిపోయావు పో, అని మనసులోనే మొగుణ్ణి ఇంకో తిట్టు తిట్టి పిల్లని గట్టిగా వాటేసుకుంది.

"మెల్లిగా అమ్మా! నొప్పి..."

గబగబా గుండీలు విప్పి చూసింది. భుజం మీంచి ఏటవాలుగా నడుము దాకా, సీటు బెల్టంత వెడల్పున, ఒళ్ళు కమిలిపోయి ఉంది. కమిలిన చోటు అప్పుడే పసుపు రంగుకి తిరిగింది. పన్ను పీకిన బుగ్గలు ఎన్ని చూడలేదు ఆమె! ఆ రంగు రావాలంటే నాలుగైదు రోజులైనా పట్టాలి.

పొద్దున ఆ ఒంటికి నీళ్ళు పోసి తుడిచింది ఆమే. అప్పుడు చిన్న మచ్చ కూడా లేదు. పిల్లకే గుర్తు లేకుండా రౌండు అయిపోయింది; ఆ పక్క సీట్లో ఎన్ని రోజులు తిరిగిందో!