పాతర జొన్నలు

మూడు వైపులా నల్లరాతి గుట్టలూ, ఉత్తరాన సన్నని వాగూ కాపలాగా నిలిచిన మేడికుర్తి దుర్గం, ఒకప్పుడు దారిన పోయే బాటసారికి సైతం కడుపునిండా సంకటి పెట్టి సాగనంపిన ఆ రాజధాని, ఆ వేసవిలో చింతపిక్కలు ఉడకబెట్టుకుని తింటున్నది. తూర్పు తీరపు రాజు సైన్యం కోటను చుట్టుముట్టి నెలలు గడిచాయి. వీధుల్లో కుక్కలు కనబడడం మానేశాయి; ఎందుకు మానేశాయో ఎవరూ ఎవరినీ అడగలేదు. డాలు తోలు నానబెట్టి నములుతున్న భటులను చూస్తూ సేనాపతి బయ్యన నాయకుడు ప్రతి ఉదయం కోటగోడ మీద తిరిగేవాడు. తిరిగినప్పుడల్లా ఒకే మాట చెప్పేవాడు.

"రాజనగరి ముందరి పాతరలు నిండుగా ఉన్నాయి. దేవరవారి ముద్ర వాటి మీద ఉంది. చివరి ఆపద వచ్చిన నాడు తెరుస్తారు. నా మాట నమ్మండి."

జనం నమ్మారు. ఆ మెట్టసీమలో జొన్నలను లోతైన గోతుల్లో పోసి, పైన గడ్డి పరచి మట్టితో పూడ్చి దాచడం తాతల నాటి ఆచారం. రాజముద్ర పడిన పాతరను అమ్మవారికి మొక్కి రాజే తెరవాలి, ఇంకొకరు చెయ్యి వేయరాదు. ఆ పాతరలను నమ్ముకుని, వాగు దాటి పోగలిగిన రోజుల్లో కూడా పోకుండా, బయ్యన మాట మీద వాళ్లంతా ఆ రాళ్ల మధ్య ఉండిపోయారు.

ఒక ఉదయం బయ్యన కొద్దిమందితో శత్రుశిబిరం మీద పడి ఒక బండెడు ధాన్యం లాక్కొచ్చాడు. గోడ మీది వారికి అంబలి కాచే ఎర్రసాని మూటలు విప్పి, లోపలి జొన్నలు చూసి కళ్లు ఒత్తుకుని, కొన్ని దంచి సంకటికి ఎసట్లో పోసింది. అంతలో ఎసరు మరిగి ఆవిరి లేచింది. ఆమె తెడ్డు తిప్పడం ఆపేసింది.

"అయ్యా, ఒకసారి ఇటు రండి. ఈ వాసన చూడండి."

బయ్యన కుండ మీదికి వంగాడు. తడిమట్టీ మాగిన గడ్డీ కలిసిన వాసన. పాతరలో దాచిన జొన్నకు తప్ప మరే జొన్నకూ అది రాదు. చిన్ననాడు తల్లి పెట్టిన ప్రతి ముద్దలోనూ ఆ వాసనే ఉండేది. తీరపు వాళ్లు వరి తినేవాళ్లు. అక్కడ మోకాలి లోతు తవ్వితే నీరు ఊరుతుంది, పాతర అన్నదే వాళ్లెరుగరు.

"ఇవి మన గింజలే. మనవి తిని మన మీదికే వస్తున్నారు" అన్నది ఎర్రసాని.

నెలలుగా కడుపు ఖాళీగా ఉన్నా బయ్యన ఆ సంకటిని ముట్టలేదు. దానిని ఒక మూకుట్లో పెట్టించుకుని నగరికి నడిచాడు.

సోమదేవరాజు భోజనం ముగించి మహామాత్యుడు కేతన ప్రెగ్గడతో తాంబూలం వేసుకుంటున్నాడు. గదిలో నేతి వాసన ఇంకా పోలేదు. బయ్యన మూకుడు ముందుంచగానే రాజు ముక్కు మూసుకున్నాడు.

"ఏమిటీ కంపు?"

"తమ పాతర కంపు, ప్రభూ. శత్రువు పొయ్యి దగ్గర దొరికింది."

రాజు బయ్యన వంక చూడలేదు, మంత్రి వంక చూశాడు. ఆ చూపుతో బయ్యనకు అంతా తెలిసిపోయింది. మంత్రికి మాత్రం ఆకు నమలడం ఆపవలసినంత పని కూడా పడలేదు.

"ఉద్రేకపడకు, సేనాపతీ. బొక్కసం వట్టిపోయింది. కూలికి తెచ్చిన రౌతులు బంగారం చూడనిదే గుర్రం ఎక్కరు. మన వద్ద మిగిలినది గింజ ఒక్కటే, దానిని కొనగలిగినవాడు శత్రువు ఒక్కడే. కనుక రాత్రివేళ ఉత్తరపు దిడ్డివాకిలి నుంచి గుట్టుగా దాటించి, పాతరలకు మళ్లీ ముద్ర వేయించాము. గింజ పుచ్చిపోతుంది, బంగారం పుచ్చదు. రాజ్యతంత్రం సంకటి ముద్దలతో నడిచేది కాదు."

"తీరం నుంచి వారికి బండ్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. మన గింజ అందకపోతే ఈపాటికి ఆకలితో వెనుదిరిగి ఉండేవారు, మహామాత్యా."

"కావచ్చు. కాని రౌతుల జీతం మాటేమిటి?"

రాజు గొంతు సవరించుకున్నాడు. "అయిందేదో అయింది. ఈ సంగతి మన ముగ్గురి మధ్యనే ఉండనీ. జనానికి నీ మాట మీద గురి, బయ్యా. పాతరలు నిండుగా ఉన్నాయని ఇంకొన్నాళ్లు చెబుతూ ఉండు."

ఇన్నాళ్లూ తన నోటితో మోసిన ఎంగిలి ఎవరిదో బయ్యనకు అప్పుడు తెలిసింది. తన మీద తనకే రోత పుట్టింది.

"ప్రభూ, తమ ఉప్పు తిన్నాను, తమ మీద కత్తి ఎత్తను. ఆ మాట మాత్రం ఇక నా నోట రాదు" అని మూకుడు తిరిగి చేతికి తీసుకున్నాడు. అన్నమన్నదాన్ని ఆ గదిలో వదిలిపెట్టి పోవడానికి అతనికి మనసొప్పలేదు.

నగరి ముందు జనాన్ని పోగుచేసి, ఏ సేనాపతీ చేయని పనిగా, రాజముద్రను గునపంతో తానే పగలగొట్టాడు. గడ్డి కింద ఊక, ఊక కింద ఇసుక. ఎవరూ ఏడవలేదు. ఎర్రసాని ముద్ర పడిన మట్టిపెళ్ల మీద ఉమ్మింది.

"నేను మీకు అబద్ధం చెప్పాను" అన్నాడు బయ్యన. "తెలియక చెప్పానన్నంత మాత్రాన మీ ఆకలి తీరదు. వాగు కాపలాతో సహా శత్రువును తూర్పు వాకిటికి లాగి నేను నిలుపుతాను. మీరు ఉత్తరపు దిడ్డి గుండా వాగు దాటిపొండి."

వాకిలి తెరిచే వేళకు నగరి నుంచి కబురు వచ్చింది: సేన యావత్తూ వచ్చి బొక్కసాన్ని కాయవలెనని రాజాజ్ఞ.

"గింజలమ్మి మేపిన రౌతులున్నారు కదా, వారిని పిలుచుకోమని మనవి చేయి" అని చెప్పి బయ్యన బయటికి నడిచాడు.

డాళ్ల మీద తోలు లేకున్నా, బయ్యనా అతని వెంట వచ్చిన ఆ కొద్దిమంది భటులూ కలిసి, ఊరి ముసలివాళ్లూ పసిపిల్లలూ వాగు దాటేదాకా తీరపు సేనను వాకిట అడుగు కదలనివ్వక, ఒకరి మీద ఒకరుగా అక్కడే ఒరిగిపోయారు. రౌతులు కత్తి దూయకుండానే బంగారంతో శత్రువులో కలిసిపోయారు. రాజు తలవంచి తాళాలు అప్పగించాడు. కేతన ప్రెగ్గడకు కొత్త ఏలిక కొలువులో ధాన్యాగారాల అధికారం దక్కింది. అటువంటివాడికి ఏ రాజ్యంలోనూ పని కరువు కాదు.

మీ సేనాపతి దేహాన్ని తీసుకుపోయి దహనం చేసుకోండని శత్రు సేనాని నగరికి కబురంపాడు. కోటలో కట్టెలకు కొరతగా ఉన్నదని మంత్రి జవాబిచ్చాడు.

ఆ సంగతి వాగు అవతలికి చేరింది. ప్రాణాలు దక్కించుకుని పోయినవాళ్లందరూ, ఎర్రసాని ముందు నడవగా, తలా ఒక కట్టె పట్టుకుని వాగు దాటి వెనక్కి వచ్చారు.