పార్టు నంబరు సున్నా

"ఇంజను ఆపకండి. ఇంకో నిమిషం చాలు," అన్నారు డాక్టర్ మెహరున్నీసా.

2041 జులై నెల. విజయవాడ ఆటోనగర్‌లో ఏసుదాసు షెడ్డు. ఆదివారం ఉదయం కావడంతో పంతొమ్మిది పాత కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. బానెట్ ఎత్తిన ఒక తెల్ల డీజిల్ కారు చుట్టూ మనుషులు మూగారు. ఆ కారు డాష్‌బోర్డు కింద సబ్బుపెట్టె అంత నల్లటి పెట్టె ఒకటి బిగించి ఉంది. దాని తెర మీద ఆకుపచ్చ చుక్క ఆగి ఆగి వెలుగుతోంది.

ఊళ్ళో మిగతా కార్లన్నీ అప్పటికే తమను తామే నడుపుకుంటున్నాయి. వాటి యజమానులు వెనక సీట్లో కునుకు తీస్తారు. బానెట్ ముందువైపు ఉంటుందో వెనకవైపు ఉంటుందో కూడా వాళ్ళకు తెలియదు. ఈ కథ వాళ్ళది కాదు. స్టీరింగు చేతిలో లేకపోతే అన్నం అరగని మొండివాళ్ళది. 'బానెట్ బంధువులు' అని గ్రూపు పెట్టుకుని, పదకొండేళ్ళుగా ఒకరి బండి రోగాలకు ఒకరు వైద్యం చెప్పుకుంటున్నారు. హారన్ గొంతు బొంగురుపోతే ఏం చేయాలి, వైపర్ కిర్రుమంటే ఏం రాయాలి, ఎలకలు వైర్లు కొరక్కుండా బానెట్‌లో ఏం వేలాడదీయాలి, అన్నీ అందులో ఉన్నాయి. చాలావరకు కరెక్టే. కొన్ని మాత్రం విని చేస్తే బండి గోవిందా.

ఆ గ్రూపుకు అధ్యక్షుడు చలసాని త్రివిక్రమరావు. పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అందరూ మాస్టారూ అంటారు. తెల్ల కారు ఆయనదే.

పెట్టె గొంతు సవరించుకున్నట్టు చిన్న శబ్దం చేసి, "వాటర్ పంపు బేరింగు అరిగింది. నలభై రోజుల్లో పట్టేస్తుంది," అంది.

ఏసుదాసు నవ్వేశాడు. ఆయన నలభై ఏళ్ళుగా ఇదే షెడ్డులో మెకానిక్. "చుక్క నీరు కారట్లేదు మేడమ్. శబ్దం కూడా లేదు. మీ పెట్టెకి చెవులు తేడా."

"విప్పి చూడు దాసూ, పోయేదేముంది," అన్నారు మాస్టారు.

గంట తర్వాత ఏసుదాసు పంపు చేతిలో పట్టుకుని తిప్పాడు. లోపల ఇసుక నలిగినట్టు గరగరలాడింది. ఆయన మొహంలో నవ్వు ఎటు పోయిందో తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు తెరుచుకుని పెట్టె వంక చూశారు.

కొత్త పంపు బిగించే ముందు ఏసుదాసు అలవాటు ప్రకారం పాతది కడిగి మాస్టారికి చూపించాడు. "చూసుకోండి సార్. పాత పార్టు ఇంటికి తీసుకెళ్తారా, ఇక్కడే వదిలేస్తారా?"

ఆటోనగర్‌లో ఇది మర్యాద. తీసిన పార్టు యజమాని కళ్ళబడాలి. తర్వాతే కొత్తది ఎక్కాలి. మాస్టారు ప్రతిసారీ తీసుకెళ్తారు. వాళ్ళ వరండాలో మూడరల షెల్ఫు నిండా అరిగిన బేరింగులు, మాడిన బల్బులు, తెగిన బెల్టులు ఉన్నాయి. ఆయన భార్య సుభాషిణి బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఆ షెల్ఫు దులిపినప్పుడల్లా "ఈ ఇనుముని ఎన్నాళ్ళు సాకాలండీ?" అని విసుక్కుంటారు. అయినా పారేయరు.

ఇంతకీ పెట్టె సంగతి చెప్పాలి. దాన్ని తయారుచేసింది ఇంజనీరింగులో డాక్టరేటు చేసిన మెహరున్నీసా. అది కారు శబ్దాలు వింటుంది, కారు లోపలి నేలలో పుట్టే వణుకు కొలుస్తుంది, అద్దానికి అంటించిన కెమెరాతో దారి చూస్తుంది. అనుమానం వస్తే మిగతా కార్లలోని పెట్టెలను అడుగుతుంది: ఇలాంటి జబ్బు మీలో ఎవరికైనా వచ్చిందా, దేంతో తగ్గింది? గ్రూపులో మనుషులు చేసేదే అది చేస్తుంది, కాకపోతే గొప్పలు పోదు. చిన్న చిన్న సర్దుబాట్లు తనే చేసుకుంటుంది. మరీ ప్రమాదమైతే ఇంజను ఆపే అధికారం కూడా దానికి ఉంది. పదకొండేళ్ళ గ్రూపు సందేశాలన్నీ మెహరున్నీసా దానికి చదివించారు. నియమాలు మాత్రం మాస్టారు చెప్పినవే. అరిగినదాన్ని దాచొద్దు. తీసిన పార్టును యజమానికి చూపించనిదే కొత్తది పెట్టొద్దు. యజమాని ఎవరో తెలియడానికి ప్రతి కారు ఆర్‌సీ కార్డునూ పెట్టెకు చూపించారు. ఆ కార్డులు మళ్ళీ పర్సుల్లోకి వెళ్ళిపోయాయి, వాటి మీద ఏం రాసి ఉందో ఎవరూ చదవలేదు.

అంతా అయ్యాక మాస్టారు ఒక మెలిక పెట్టారు.

"డాక్టరు గారూ, మైలేజీ ఇంజనులో ఉండదు, పాదంలో ఉంటుంది. మా మైలేజీ పందెం ఏటా నేనే గెలుస్తున్నాను, అడగండి వీళ్ళని. డ్రైవరుని కూడా పార్టుల లిస్టులో చేర్చండి. ఎవరి పాదం ఎంత గొప్పదో పెట్టే చెప్తుంది."

మెహరున్నీసా తటపటాయించారు. "పార్టు అని రాస్తే అది పార్టుగానే చూస్తుంది సార్. మనిషన్న మొహమాటం దానికి ఉండదు."

"మొహమాటం మాకూ అక్కర్లేదు!"

చేతులెత్తమంటే పంతొమ్మిది చేతులూ లేచాయి. ఎవరికి వారు తమ పాదమే బంగారమనుకున్నారు మరి. పార్టుల వరస ఒకటి నుంచి మొదలవుతోంది కాబట్టి డ్రైవరుకు సున్నా నంబరు ఇచ్చారు.

మూడు నెలలు పెట్టె అందరికీ ముద్దుబిడ్డ అయింది. మాస్టారి పాదానికి నూటికి తొంభై ఆరు మార్కులు వచ్చాయి. ఆయన ఆ మార్కులను ఫొటో తీసి గ్రూపులో రెండుసార్లు పెట్టారు, మొదటిసారి చూడనివాళ్ళ కోసం.

దసరా వెళ్ళిన వారానికి అదే పెట్టె కొత్త మాట మొదలుపెట్టింది: "బ్రేకు అర సెకను ఆలస్యం."

మాస్టారు నమ్మనట్టే కనిపించారు. గ్రూపులో పెట్టారు. క్షణాల్లో సలహాలు కురిశాయి. బ్రేకు ఆయిల్లో గాలి చేరి ఉంటుంది, తీయించండి అన్నారు గుడివాడ నుంచి ఒకరు. ప్యాడ్లు నున్నబడి ఉంటాయి, గరుకు కాగితంతో రుద్దండి అన్నారు తెనాలి నుంచి ఒకావిడ. ఇంకొకాయన మాస్టర్ సిలిండరే మార్చేయమన్నాడు. మాస్టారు అన్నీ చేశారు. ఏసుదాసు నాలుగు చక్రాలూ విప్పి బిగించాడు. పెట్టె మాత్రం ప్రతిరోజూ అదే పాట పాడింది, పైగా ఒక ముక్క కలిపింది: "లోపం బ్రేకుల్లో లేదు."

లోపం ఎక్కడుందో మాస్టారికి తెలుసు. దసరాల్లో ఒక సాయంత్రం కూరగాయల బజారులో కుడికాలి చెప్పు జారిపోయింది. ఆ సంగతి తెలియకుండానే ఆయన ఇరవై అడుగులు నడిచారు. వెనక నుంచి ఎవరో పిలిచి చెప్పు చేతికిచ్చారు. ఆ రాత్రి పాదం గిల్లి చూసుకుంటే ఎవరి పాదాన్నో గిల్లినట్టుంది. భయమేసింది. ప్రాణం గురించి కాదు, డ్రైవరు సీటు గురించి. మర్నాడే పట్టీల చెప్పులు కొనుక్కున్నారు. సుభాషిణి అడిగితే శ్రీశైలం ఘాట్ ప్రయాణం కోసం అన్నారు. తెర మీద పెట్టె హెచ్చరిక వచ్చినప్పుడల్లా 'తర్వాత' అన్న మీట నొక్కేవారు.

ఏటా డిసెంబరు మొదటి ఆదివారం బానెట్ బంధువులు వరసగా శ్రీశైలం వెళ్తారు. దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. ముందు కారు ఎప్పుడూ మాస్టారిదే. ఎడమ సీట్లో సుభాషిణి. ఊళ్ళోనైనా ఘాట్‌లోనైనా ప్రతి మలుపులోనూ ఆవిడ కుడిపాదం తనకు తెలియకుండానే నేలను అదిమేది. మాస్టారు నవ్వేవారు: "అక్కడ బ్రేకు లేదే సుభా, కార్పెట్ చిరుగుతుంది." ఇరవై రెండేళ్ళుగా అదే మాట, అదే నవ్వు.

ఆ ఆదివారం తెల్లవారేసరికి అందరూ ఏసుదాసు షెడ్డులో చేరారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. మాస్టారు ఎక్కి కూర్చుని ఇంజను వేశారు. అది రెండు క్షణాలు పలికి ఆగిపోయింది. మళ్ళీ వేశారు. మళ్ళీ ఆగింది. మూడోసారి ఆయన కిందికి దిగి, తలుపు పక్కన నిలబడి, లోపలికి వంగి తీగలు కదిపి చూశారు.

అప్పుడు పెట్టె షెడ్డంతా వినబడేలా అంది: "పార్టు నంబరు సున్నా అరిగింది. ఘాట్ రోడ్డుకు పనికిరాదు. తీసేశాను."

కొబ్బరిచిప్ప పట్టుకున్న ఏసుదాసు చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఏంటిది డాక్టరు గారూ?" అని అరిచారు మాస్టారు. "ఆపండి దీన్ని! పీకేయండి!"

మెహరున్నీసా గబగబా వచ్చి తెర చూశారు. "ఇది ఒక్క మీ పెట్టె మాట కాదు సార్. మీ వెనక నడిచిన పదకొండు కార్లు కూడా చెప్తున్నాయి, మీ బ్రేకు లైటు ఆలస్యంగా వెలుగుతోందని. అరవై వేగంలో అర సెకనంటే ఎనిమిది మీటర్లు. ఘాట్‌లో మలుపు దగ్గర ఎనిమిది మీటర్లంటే..."

ఆవిడ మాట పూర్తి చేయలేదు. అందరి కళ్ళకూ లోయ కనబడింది.

"నా కారు! నా కారులోంచి నన్ను తీసేయడమేంటి? పార్టు తీస్తే ముందు యజమానికి చూపించాలి, ఆ రూలు రాసింది నేను! చూపించమనండి నాకు!"

ఎడమ సీట్లో కూర్చున్న సుభాషిణి ఫోను టింగుమంది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తెర మీద వెనక కారు కెమెరా తీసిన ఫొటో ఒకటి ఉంది. కారు పక్కన నిలబడి లోపలికి వంగిన త్రివిక్రమరావు. కింద నాలుగు వాక్యాలు: "యజమాని గారికి నమస్కారం. అరిగిన పార్టు తీసేశాం. రూలు ప్రకారం చూపిస్తున్నాం. పాత పార్టు ఇంటికి తీసుకెళ్తారా, ఇక్కడే వదిలేస్తారా?"

బ్యాంకు ఉద్యోగులకు కారు లోను సులువుగా దొరికేది. అందుకని ఇరవై రెండేళ్ళ కిందట కారును సుభాషిణి పేరు మీద కొన్నారు. ఆ సంగతి మాస్టారు అప్పుడే మర్చిపోయారు. ఆవిడ కూడా మర్చిపోయారు. కార్డు మర్చిపోలేదు.

సుభాషిణి ఫోను లోంచి తలెత్తి ఆయన పట్టీల చెప్పుల వంక చూశారు.

"ఎప్పట్నుంచండీ?"

మాస్టారు తల దించుకున్నారు. "దసరా నుంచి."

"నన్ను పక్కన కూర్చోబెట్టుకునే తిప్పారు కదా. రెండు నెలలు." ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది. "నాతో ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా?"

"చెప్తే తాళం తీసేసుకుంటావని..." అన్నారాయన. అరవై నాలుగేళ్ళ మనిషి, పంతొమ్మిది కుటుంబాల ముందు కళ్ళు తుడుచుకున్నారు.

"కొత్త పార్టు సిద్ధంగా ఉంది. ఎడమ సీట్లో," అంది పెట్టె.

మెహరున్నీసా తెర మీది గీతలను వేలితో జరిపి, నమ్మలేనట్టు ఇంకోసారి చూశారు. "మేడమ్, మీరు మలుపుల్లో నేలను తొక్కుతారా?"

"అలవాటండీ. ఈయన నవ్వుతూనే ఉంటారు."

"జులై నుంచి పెట్టె ఆ తొక్కుళ్ళన్నీ కొలిచింది. నాలుగు వేల పైచిలుకు. ఒక్కసారి కూడా ఆలస్యం లేదు. సార్‌కి తొంభై ఆరు మార్కులు వచ్చిన నెలలో కూడా మీ పాదమే ముందుంది."

మాస్టారు భార్య పాదాల వంక చూశారు. ఆవిడ డ్రైవింగ్ నేర్చుకున్నారు, లైసెన్సు కూడా క్రమం తప్పకుండా రెన్యూవల్ చేయించుకుంటూ వచ్చారు. తాళం చెవి మాత్రం ఏనాడూ ఆవిడ చేతికి రాలేదు. ఆవిడ అడగలేదు కదా అని ఈయన ఊరుకున్నారు. అడిగినా ఇవ్వరనుకుని ఆవిడ ఊరుకున్నారు.

"శ్రీశైలం వద్దు," అన్నారు సుభాషిణి కారు దిగుతూ. "ముందు నరాల డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"గేర్లు మార్చే పని లేదు మేడమ్, ఆటోమేటిక్. ముప్పై దాటకుండా పెట్టె చూసుకుంటుంది," అన్నారు మెహరున్నీసా.

ఫోను మళ్ళీ టింగుమంది. జవాబు కోసం అదే ప్రశ్న: తీసుకెళ్తారా, వదిలేస్తారా?

సుభాషిణి భర్తను ఎగాదిగా చూశారు. ఆయన చిన్నపిల్లాడిలా నిలబడి ఉన్నారు.

"తీసుకెళ్తాను," అన్నారావిడ, నొక్కుతూ. "షెల్ఫులో చోటు లేదు గానీ, ఎక్కండి."

మాస్టారు కారు చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ సీట్లో కూర్చున్నారు. సుభాషిణి స్టీరింగు ముందు కూర్చోగానే ఇంజను మారు మాట్లాడకుండా పలికింది.

కారు షెడ్డు దాటుతుండగా వెనక ఒక ఫోను మోగింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసగా నాలుగు. మిగిలిన పద్దెనిమిది పెట్టెలు కూడా తమ తమ సున్నా నంబర్లను ఒకదానితో ఒకటి పోల్చి చూసుకున్నాయి. మనుషులు గాభరాగా పర్సులు తెరిచి, కారు ఎవరి పేరు మీద ఉందో మొదటిసారి చదువుకుంటున్నారు.

ఆటోనగర్ గేటు దగ్గర పక్క సందులోంచి ఒక లారీ ఉన్నట్టుండి రోడ్డెక్కింది. సుభాషిణి బ్రేకు తొక్కారు. కారు కుదుపు లేకుండా, లారీకి రెండు బారల దూరంలో ఆగింది.

కారు ఆగిపోయిన తర్వాత మాస్టారి కుడిపాదం ఎడమ సీటు ముందు కార్పెట్‌ను గట్టిగా అదిమింది.

ఆయన కిందికి చూసుకున్నారు. ఎంత ఆలస్యమైందో పెట్టె ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది.

సుభాషిణి కూడా చూశారు. ఆవిడ నవ్వలేదు. ఎడమచెయ్యి తీసి ఆయన మోకాలి మీద వేశారు.

"అక్కడ బ్రేకు లేదండీ," అన్నారు.