పక్కన నిలబడే మనిషి

బెజవాడ పటమటలో మూడో అంతస్తు హైమవతి గారు కూరగాయల శౌరమ్మతో అన్నారట, శౌరమ్మ దిగొచ్చి వాచ్‌మన్ చెవిన వేసింది: ఎదురు ఫ్లాట్ జయంత్ ఇంట్లో ఎవరో ఆడమనిషి ఉందని. "తలుపేసుకుని 'కాస్త ఓర్చుకో తల్లీ, అయిపోవచ్చింది' అంటన్నాడంట. ఆవిడ చెవులారా విన్నదంట."

ఆ తల్లి ఒక హెలికాప్టర్. నాలుగడుగులుంటుంది. వరదలప్పుడు మేడల మీదకి అన్నం పొట్లాలు దించినదానికి అచ్చు నకలు. బీమా ఆఫీసు నుంచి వచ్చాక జయంత్ రెండేళ్ళు కూర్చుని చేశాడు, దానితో మాట్లాడుతూ. వాళ్ళమ్మ పోయాక ఆ ఇంట్లో ఇంకో గొంతు లేదు. వాచ్‌మన్ నవ్వుతూ సంగతి చెప్పినప్పుడు, హైమవతి గారి మాట నిజమైతే బావుండునని జయంత్‌కి అనిపించింది.

ప్రతి నెలా రెండో ఆదివారం కంకిపాడు దగ్గర, ప్లాట్లు అమ్ముడుపోని ఒక వెంచర్లో, రిమోట్ హెలికాప్టర్ల క్లబ్బు కూడుతుంది. సెక్రటరీ అబ్రహాము గారు రైల్వే గార్డుగా రిటైరయ్యారు, ఆయనకి రూలంటే రూలే. ఎగరేసేవాడు హెలికాప్టర్ మీంచి కళ్ళు తియ్యకూడదు. అందుకని పక్కన ఒక మనిషి నిలబడి, కొంగ వస్తోందనో, గేదె అడ్డమొస్తోందనో చెబుతూ ఉండాలి. ఆ మనిషిని ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి. ఒకసారి క్లబ్బువాళ్ళే అరువిచ్చిన మనిషి ఫోను చూసుకుంటూ ఉండిపోతే ఎవరిదో హెలికాప్టర్ కాలవలో పడింది. అప్పట్నుంచి ఇదీ పద్ధతి.

అందరికీ పెళ్ళామో తమ్ముడో ఉన్నారు. జయంత్ మూడు నెలలు తనదాన్ని తెచ్చి, తుడిచి, నలుగురికీ చూపించి, మళ్ళీ పెట్టెలో సర్దుకుని ఆటో ఎక్కాడు.

మార్చిలో వెంచర్ తారురోడ్డు మీద మినుములు ఆరబోసి ఉన్నాయి. పక్కన గొడుగేసుకుని కనకలక్ష్మి కూర్చుంది. ఊళ్ళో టైలరింగ్ షాపు ఆమెది, ఆదివారం మాత్రం నాన్న చేలో పని.

"కాస్త ఎత్తుతారా అండీ? ఇటు దిగేవాటి రెక్కల గాలికి దుమ్ము లేస్తుంది," అన్నాడు జయంత్.

"ఎత్తను. లేస్తే లేవనీండి, పొట్టు పోద్ది."

"మీ కళ్ళలో పడుతుందని..."

"నా కళ్ళ సంగతి మీకెందుకండీ? ఇందాకట్నుంచీ చూస్తన్నా, అందరూ ఎగరేస్తన్నారు, మీరొక్కరే దానికి ఒళ్ళు తుడుస్తా కూచున్నారు. పాడైందా?"

"లేదండీ. పక్కన నిలబడే మనిషి లేరు."

"బెజవాడంత ఊళ్ళో ఒక్క మనిషి దొరకలేదా?"

జయంత్ నవ్వబోయాడు. రాలేదు. అది చూసి ఆమె గొడుగు ముడిచి లేచింది. "గేదె వస్తే చెప్పాలి, అంతేగా?"

అబ్రహాము గారు పుస్తకం తీశారు. "పేరు?"

"కనకలక్ష్మి."

"జయంత్‌కి ఏమవుతావమ్మా?"

"ఇంకా ఏమీ అవలేదండీ."

హెలికాప్టర్ లేచింది. జయంత్ దాని మీంచి కళ్ళు తియ్యలేదు.

"ఎడంపక్క కొంగ. పోయింది లెండి. కరెంటు తీగలు దూరంగానే ఉన్నయ్. మీ చొక్కాకి ఓ గుండీ ఊడింది."

"మీరు చుట్టూ చూడాలండీ."

"మీరూ చుట్టూలోనే ఉన్నారు."

ఆరు నిమిషాలు. దింపాక బాటరీ విప్పుతూ తల ఎత్తకుండానే థాంక్సండీ అన్నాడు. తలెత్తేసరికి ఆమె మినుములు బస్తాకెత్తుతోంది.

నెలంతా ఆ గొంతు ఫ్లాట్లో తిరిగింది. అన్నం వడ్డించుకుంటుంటే 'ఎడంపక్క కొంగ' అన్నది. మొహం మాత్రం ఎంత తలుచుకున్నా గొడుగు దగ్గరే ఆగిపోయింది.

ఏప్రిల్‌లో మినుములు లేవు, రోడ్డు ఖాళీ. అయినా కనకలక్ష్మి వచ్చింది. మామిడిపిందె రంగు చీర, తల్లో మల్లెలు.

"హమ్మయ్య, వచ్చారా. రండి, గాలి కూడా తక్కువగా ఉంది," అంటూ జయంత్ రిమోట్ అందుకున్నాడు.

మూడుసార్లు ఎగరేశాడు. ఆమె చెప్పాల్సినవి చెప్పింది గాని, ఈసారి వేళాకోళం లేదు. మూడోసారి దింపుతుండగా చినుకులు పడ్డాయి. అందరూ క్లబ్బు టెంటు కిందికి పరిగెత్తారు. జయంత్ తన తువ్వాలు హెలికాప్టర్ మీద కప్పి, గుండెకి హత్తుకుని తెచ్చాడు. కనకలక్ష్మి వెనక తడుస్తూ వచ్చింది.

నెల రోజులుగా అద్దం ముందు అనుకున్న మాట ఇప్పుడు హెలికాప్టర్ తోక తుడుస్తూ అన్నాడు. "మీరు ఎప్పుడూ నా పక్కనే ఉండాలండీ. మీరు లేకపోతే ఇది ఎగరదు."

అబ్రహాము గారు చప్పున అటు తిరిగి, సర్దిన బాటరీలే మళ్ళీ సర్దసాగారు.

కనకలక్ష్మి కొంగు పిండుకుంది. "పొద్దుట్నుంచీ పక్కనే నిలబడ్డాను. పైనున్నంతసేపూ దాన్నే చూశారు, సరే, అది మీ రూలు. కిందికొచ్చాక కూడా దాన్నే చూస్తన్నారు. పక్కన నిలబడే మనిషే కావాలంటే ఎవరినన్నా తెచ్చుకోండి. నేను కావాలంటే, ఆ మాట నా మొహం చూసి అడగండి."